దియెన్ బియెన్ ఫూ: గియాప్ గెలిచాడా, నవార్ ఓడిపోయాడా?

గట్టుమీద_చెట్టు:

పోయిన వారం బొబ్బిలి యుద్ధం థ్రెడ్‌లో బుస్సీ ఫిరంగుల గురించి మాట్లాడుకుంటుంటే ఎవరో మధ్యలో వచ్చి "ఫ్రెంచివాళ్ళకి కోటల్ని ముట్టడించడం వచ్చు గానీ ముట్టడిలో కూర్చోవడం రాదు, దియెన్ బియెన్ ఫూలో వియత్నాం గెలిచిందేమీ లేదు, వీళ్ళే పోయి గోతిలో కూర్చున్నారు" అని ఓ ముక్క వదిలి వెళ్ళారు. నవ్వొచ్చింది గానీ ఒప్పుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ థ్రెడ్.

సంగతి తెలియనివాళ్ళకి క్లుప్తంగా: వియత్నాం వాయవ్య మూల, లావోస్ సరిహద్దుకు దగ్గర్లో చుట్టూ కొండలున్న ఒక లోయ. మధ్యలో నామ్ యుమ్ అనే చిన్న నది, వరి పొలాలు, జపాన్ వాళ్ళు వదిలేసిన ఒక ఎయిర్‌స్ట్రిప్. 1953 నవంబర్ 20న ఫ్రెంచి పారాట్రూపర్లు అక్కడ దిగారు. ఇండోచైనాలో ఫ్రెంచి సైన్యాధిపతి ఆన్రీ నవార్ లెక్క ఏమిటంటే, లావోస్ దారికి అడ్డంగా కూర్చుంటే వియత్ మిన్ వాళ్ళు (ఫ్రెంచి పాలన మీద పోరాడుతున్న హో చి మిన్ పక్షం) వచ్చి తల బాదుకుంటారు, అప్పుడు ఫిరంగులతో, విమానాలతో నలిపేయొచ్చు అని. 1954 మార్చి 13న వాళ్ళు నిజంగానే వచ్చారు. 56 రోజుల తర్వాత, మే 7 సాయంత్రం, ఆ స్థావరం కూలిపోయింది. ఇండోచైనాలో ఫ్రాన్స్ కథ దాంతో ముగిసినట్టే.

నా వాదన ఒక్కటే. ఈ యుద్ధం మే 7న కాదు, జనవరి 26న గెలిచారు. అంటే మొదటి గుండు పేలడానికి నెలన్నర ముందు. దాడి చేయాల్సిన రోజున వియత్ మిన్ సైన్యాధిపతి గియాప్ దాడి ఆపేశాడు. అన్ని రోజులు కష్టపడి కొండెక్కించిన ఫిరంగుల్ని మళ్ళీ వెనక్కి లాగించాడు. ఎదుటివాడి తప్పు మీద గెలిచినవాడు అలా చేయడు. మీరేమంటారు?

కాఫీకప్పు:

ఆ గోతి డైలాగు నాదే. 😀 వెనక్కి తీసుకోను.

కొండలన్నీ శత్రువుకి వదిలేసి పళ్ళెం అడుగున కూర్చున్నవాణ్ణి ఎవరు కొట్టినా గెలుస్తారు. మా ఊళ్ళో చెరువులో గొడవ జరిగితే గట్టు మీద ఉన్నవాడు గెలుస్తాడు. దానికి జనరల్ అక్కర్లేదు.

ఎక్స్_ఫౌజీ:

కాఫీకప్పు గారూ, చెరువు గట్టు నుంచి చెరువు మధ్యకి రాయి విసరొచ్చు. అక్కడ కొండలు స్థావరం మధ్య నుంచి చూస్తే కొన్ని కిలోమీటర్ల దూరం. రాయి చాలదు, ఫిరంగి కావాలి. ఆ ఫిరంగి అక్కడికి రాదనే నమ్మకం మీదే ఫ్రెంచివాళ్ళు కూర్చున్నారు. నేను ఇరవై రెండేళ్ళు ఆర్టిలరీలో ఉన్నాను కాబట్టి ఈ ఒక్క విషయం కొంచెం వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి.

మామూలుగా ఫిరంగిని కొండకి అవతలి వాలులో పెడతాం. శత్రువుకి కనపడదు. ముందు ఒక అబ్జర్వర్ కూర్చుని "రెండొందల గజాలు కుడికి, వంద ముందుకి" అని వైర్‌లెస్‌లో చెప్తుంటే గుండు కొండ మీదుగా వెళ్ళి పడుతుంది. ఫ్రెంచి ఆర్టిలరీ అధిపతి కర్నల్ పిరోత్ ఇదే ఊహించాడు. అలా కొండ మీదుగా కొట్టాలంటే వాళ్ళకి లెక్కలు కావాలి, ట్రైనింగ్ కావాలి, ఒక్కో గన్ రెండు మూడు రౌండ్లు పేల్చేలోగా తాను దాన్ని కనిపెట్టి లేపేస్తానని పైవాళ్ళకి మాటిచ్చాడు. మేం సీబీ అంటాం దీన్ని, అంటే గన్‌ని గన్‌తో కొట్టడం.

వియత్ మిన్ వాళ్ళు ఏం చేశారు? కొండకి ఇవతలి వాలులో, లోయ వైపే, సొరంగాలు తవ్వి ఒక్కో గన్‌ని విడివిడిగా లోపల పెట్టారు. గొట్టం మూతి మాత్రం బయటికి. పైన మీటర్ల మందాన మట్టి, దాని మీద చెట్లు అలాగే. మరోచోట దొంగ ఫిరంగులు, అంటే దుంగలు. ఇక లెక్కలతో పనేముంది, గొట్టంలోంచి చూసి గురిపెట్టి కొట్టడమే. పుస్తకాల ప్రకారం అది తప్పు పొజిషన్. ఆ తప్పు పొజిషన్‌ని కొట్టడం పిరోత్ వల్ల కాలేదు.

ఆయన గన్లు ఎలా ఉన్నాయో తెలుసా? 24 చిన్నవి (105 మి.మీ.), 4 పెద్దవి (155). అన్నీ పైకప్పు లేని గుంతల్లో. ఏ దిక్కుకైనా తిప్పుకోవచ్చని అలా పెట్టారు. గన్నర్లు నడుం దాకా బట్టల్లేకుండా ఎండలో పనిచేస్తుంటే చుట్టూ కొండల మీంచి ప్రతి ఒక్కడికీ కనబడేవాళ్ళు. మార్చి 15న పిరోత్ తన బంకర్‌లోకి వెళ్ళి గ్రెనేడ్‌తో ప్రాణం తీసుకున్నాడు. ఆయనకి ఒక చెయ్యే ఉండేది. పిన్ పళ్ళతో లాగాడని అంటారు.

దాడి మొదలైన మూడో రోజు అది.

కాఫీకప్పు:

ఫౌజీ గారూ ఇది చదివాక టీ చల్లారిపోయింది. సరే, ఫిరంగి రావడం గొప్పే. ఆ ఫిరంగి ఎవరిది?

లెక్కలమాస్టారు:

ప్రశ్న అక్కడే ఉంది. వియత్ మిన్ వాళ్ళ 105 మి.మీ. ఫిరంగులు (అవి కూడా సరిగ్గా 24) అమెరికాలో తయారై, చైనా చేతికి చిక్కి, అక్కడి నుంచి వచ్చినవి. గన్నర్లకి ట్రైనింగ్ చైనాలో. 1953 జులైలో కొరియాలో కాల్పులు ఆగాయి కాబట్టే చైనాకి ఇటు చూసే తీరిక దొరికింది. విమానాల్ని భయపెట్టిన 37 మి.మీ. యాంటీ ఎయిర్‌క్రాఫ్ట్ గన్లు కూడా అటునుంచి వచ్చినవే. గియాప్ పక్కన వెయ్ గువోచింగ్ అనే చైనా సలహాదారు కూర్చుని ఉన్నాడు. అవతల ఫ్రెంచివాళ్ళ యుద్ధం ఖర్చులో అధికభాగం అమెరికా కట్టేది. నాకైతే ఇది రెండు పెద్ద దేశాల సరుకు మధ్య పోటీలా కనిపిస్తుంది. గెలిచింది జెండా ఒకటి, సరుకు ఇంకొకటి.

ఇక వియత్నాం వాళ్ళు సైకిళ్ళ మీద సరుకు చేరవేసి గెలిచారనే కథ. దాన్ని తక్కువ చేయను గానీ, రష్యన్ మొలొటోవా ట్రక్కులు వందల సంఖ్యలో ఆ రోడ్డు మీద నడిచాయి. పోస్టర్ మీద సైకిలే ఉంటుంది, ట్రక్కు ఉండదు.

ఎర్రమందారం:

మాస్టారూ, మీరు ఫిరంగుల్ని లెక్కపెట్టారు, మనుషుల్ని లెక్కపెట్టలేదు. వియత్నాం వాళ్ళ లెక్క ప్రకారం రెండు లక్షల అరవై వేల మంది పౌరులు మోతకి వచ్చారు. ఇరవై వేలకి పైగా సైకిళ్ళు. అవి తొక్కడానికి కాదన్నా, తోయడానికి. హ్యాండిల్‌కి ఒక పొడవాటి వెదురు బొంగు కట్టి దాంతో తిప్పుతారు. సీటు వెనక నిలువుగా ఇంకో బొంగు, దాన్ని పట్టుకుని నెట్టడానికి, దిగుడులో ఆపడానికి. టైర్ల చుట్టూ చింకిబట్టలు చుడతారు పంక్చర్ కాకుండా. ఒక్కో దాని మీద రెండొందల కిలోలు. ఒకాయన 352 కిలోలు తోశాడని రికార్డు. అందులో చాలా సైకిళ్ళు ఫ్రాన్స్‌లో చేసిన పూజోలు, అది కూడా రాసుకోండి మీ సరుకు లెక్కలో.

చైనా ఫిరంగి ఇచ్చింది, ఒప్పుకుంటాను. దాన్ని తాడు కట్టి కొండెక్కించింది ఎవరు? రెండు టన్నులకి పైగా బరువు. మనుషులే లాగారు, రాత్రిపూట, పాట పాడుకుంటూ. ఫిబ్రవరి 1న తో విన్ జియెన్ అనే కుర్రాడు జారిపోతున్న గన్ చక్రం కింద తన ఒళ్ళు అడ్డం పెట్టాడు. అమెరికా డబ్బు ఫ్రెంచివాడి కోసం అలా అడ్డం పడే మనిషిని కొనగలిగిందా?

లెక్కలమాస్టారు:

మందారం గారూ, సైకిళ్ళని తక్కువ చేయనని ముందే చెప్పాను. నిజానికి సైకిల్ ఎందుకు గొప్పదో మీకంటే నేనే బాగా చెప్పగలను. క్లాసులో పిల్లలకి ఇచ్చే లెక్కలా చూడండి.

ఒక మనిషి కావడిలో 20 కిలోల బియ్యం మోస్తాడనుకుందాం. వెళ్ళడానికి పది రోజులు, రావడానికి పది. రోజుకి కిలో తింటే ఇరవై కిలోలు అతనే తినేశాడు. చేరింది సున్నా. అదే మనిషి సైకిల్ మీద 200 కిలోలు తోస్తే తినేది అదే ఇరవై, చేరేది 180. అంకెలు నేను ఊరికే వేసుకున్నవి గానీ సూత్రం అదే. కావడితో దూరపు యుద్ధం జరగదు. నవార్ మనుషులు కావడి లెక్కే వేశారు. హనోయ్‌లో కూర్చున్నవాళ్ళు "ఇంత దూరానికి ఇన్ని డివిజన్లకి తిండి చేర్చలేరు" అని తేల్చేశారు.

అవతల ఫ్రెంచివాళ్ళ సంగతి చూడండి. రోడ్డు లేదు. హనోయ్ నుంచి విమానంలో దాదాపు 300 కిలోమీటర్లు. గుండు, బ్రెడ్డు, రక్తం, ముళ్ళతీగ అన్నీ ఆకాశం నుంచే. మార్చి ఆఖరికి రన్‌వే మూతపడింది. జెనెవియెవ్ ద గలార్ అనే నర్సు వచ్చిన విమానం మార్చి 28న దిగి మళ్ళీ లేవలేదు, ఆవిడ ఆఖరిదాకా అక్కడే ఇరుక్కుపోయింది. తర్వాత అంతా పారాచూట్లే. ఫ్రెంచి స్థావరం చిన్నదైన కొద్దీ మూటలు అవతలివాళ్ళ కందకాల్లో పడటం మొదలైంది. 105 గుళ్ళతో సహా. రెండు వైపులా ఒకే సైజు గన్, గమనించండి.

ఎక్స్_ఫౌజీ:

మాస్టారు చెప్పిన ఆఖరి వాక్యం చదివి నాకు సైన్యంలో సరుకుల లెక్క చూసే పాత క్వార్టర్‌మాస్టర్లందరూ గుర్తొచ్చారు.

యానాంవాణ్ణి:

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణే, ఈ థ్రెడ్‌లో మాత్రం రాయక తప్పడం లేదు. మా తాతయ్య వరసైన ఒకాయన ఫ్రెంచి సైన్యంలో సైగాన్‌లో పనిచేశారు. యానాం, పాండిచ్చేరి, కారైకాల్ నుంచి అలా వెళ్ళినవాళ్ళు చాలామంది. ఆయన పెన్షన్ ఫ్రాన్స్ నుంచి వచ్చేది. కిటికీ ఉన్న పొడవాటి కవరు. చిన్నప్పుడు దాని మీది స్టాంపుల కోసం నేనూ మా అన్నా కొట్టుకునేవాళ్ళం. ఆయన దియెన్ బియెన్ ఫూలో లేరు, సైగాన్‌లో గుమాస్తా పని. కానీ ఆ పేరు ఎత్తితే మాత్రం "అక్కడ పోయినవాళ్ళు మనలాంటివాళ్ళే ఎక్కువ" అనేవారు.

అది నిజమే కదా? ఆ లోయలో "ఫ్రెంచివాళ్ళు" అని మీరందరూ రాస్తున్నారు. అల్జీరియన్లు, మొరాకోవాళ్ళు, పశ్చిమ ఆఫ్రికా గన్నర్లు, ఆ కొండల్లోని థాయ్ తెగల బెటాలియన్లు, వియత్నాం పారాట్రూపర్లు, విదేశీయులతో నడిచే ఫారిన్ లీజియన్ దళంలో జర్మన్లు. అసలు ఫ్రాన్స్‌లో పుట్టినవాళ్ళు అందులో ఒక భాగం మాత్రమే.

ఇంకో మాట. మే 7న అది కూలింది. జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఐదు వారాలు. మా ఊరికి స్వాతంత్ర్యం గోదావరి గట్టు మీద వచ్చిందో, నామ్ యుమ్ గట్టు మీద వచ్చిందో నాకు ఇప్పటికీ తేలలేదు.

గట్టుమీద_చెట్టు:

యానాం గారూ, మీరు రాయకుండా చదివి వెళ్ళిపోయేవారంటే మాకే నష్టం.

ఆఖరి మాట మీద మాత్రం ఒక తేదీ అడ్డం వస్తోంది. పాండిచ్చేరి కమ్యూన్ల మేయర్లు భారత్‌లో కలవాలని తీర్మానం చేసింది 1954 మార్చి 18న. అప్పటికి దియెన్ బియెన్ ఫూ మీద దాడి మొదలై ఐదు రోజులే. ఇంకా ఎవరూ గెలవలేదు. కాబట్టి అక్కడ కూలింది, ఇక్కడ లేచింది అనడం కుదరదు. యానాం విమోచన ఉద్యమం నడిపిన దడాల రఫేల్ రమణయ్య గారు అక్కడ చేసింది ఆయన సొంత కష్టం. కాకపోతే అవతల జెనీవాలో ఇండోచైనా మీద చర్చల బల్ల దగ్గర ఫ్రాన్స్ మెడలు వంగి ఉండటం వల్ల మిగతా పని తేలికైంది అనుకోవచ్చు. పాండిచ్చేరి అధికారం చేతులు మారింది నవంబర్ 1న. అదే రోజు అల్జీరియాలో తిరుగుబాటు మొదలైంది. అక్కడ మాత్రం మెడలు వంగలేదు, ఇంకో ఎనిమిదేళ్ళు నెత్తురు పారింది.

యానాంవాణ్ణి:

మార్చి 18 సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఊళ్ళో జనం నోట ఉన్న మాట వేరు. తీర్మానం తేదీ ఎవరికి గుర్తుంటుంది, ఓడిన వార్త గుర్తుంటుంది.

ఎర్రమందారం:

యానాం అన్న చెప్పిన దానికే నేను ఇంకో మాట కలుపుతా. ఆ రెండు లక్షల మంది ఎందుకు మోశారు? 1953 డిసెంబర్‌లో హో చి మిన్ ప్రభుత్వం భూసంస్కరణ చట్టం చేసింది. దున్నేవాడికి భూమి. మన తెలంగాణలో అదే మాట కోసం జనం ఏం చేశారో మనకి తెలుసు. తన చెక్క తనకి వస్తుందన్నవాడు మోస్తాడు. కూలికి వచ్చినవాడు మోయడు.

కాఫీకప్పు:

అవునవును. ఆ భూసంస్కరణల పేరుతో ఎంతమందిని అన్యాయంగా చంపారో కూడా చెప్పండి మరి. 1956లో పార్టీ తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. జనం ముందు ఆ తప్పుల చిట్టా చదివింది ఎవరో తెలుసా? మీ గియాపే.

ఎర్రమందారం:

తెలుసు. చదివాడు కదా, దాచలేదు కదా.

కాఫీకప్పు:

చచ్చినవాళ్ళకి దాంతో ఏం ఒరిగింది?

అడ్మిన్:

ఇద్దరూ ఆగండి. భూసంస్కరణల మీద వేరే థ్రెడ్ పెట్టుకోండి, నేనూ వస్తాను. ఇక్కడ ముట్టడి.

గట్టుమీద_చెట్టు:

థాంక్స్ అడ్మిన్. జనవరి 26 దగ్గరికి వద్దాం. నా వాదనని ఇంకా ఎవరూ తాకలేదు.

అప్పటి పథకం మెరుపుదాడి. మూడు రాత్రులు, రెండు పగళ్ళలో స్థావరం తీసేసుకోవాలని. సలహాదారులూ అదే అన్నారు, సొంత అధికారులూ అదే అన్నారు. గన్లు ఎక్కించారు. కుర్రాళ్ళు ఊగిపోతున్నారు. 25న జరగాల్సింది ఒక రోజు వాయిదా పడింది. ఆ రాత్రి గియాప్‌కి నిద్ర లేదు, తలకి మూలికల పట్టు కట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నే వెయ్ గువోచింగ్ దగ్గరికి వెళ్ళి ఆపేద్దామన్నాడు. ఆయన కూడా కాదనలేదు. తర్వాత తన అధికారుల సమావేశం. అక్కడ "జనానికి ఏం చెప్తాం, ఇన్నాళ్ళూ లాగిన గన్లు వెనక్కి లాగమంటే మనసు విరిగిపోదా" అన్నారు. ఆయన అడిగింది ఒక్కటే: నూటికి నూరు పాళ్ళు గెలుస్తామని మీలో ఎవరైనా చెప్పగలరా? ఎవరూ చెప్పలేదు. వెళ్ళే ముందు హో చి మిన్ చెప్పి పంపింది కూడా అదే, గెలుపు ఖాయమైతేనే కొట్టు, లేకపోతే వద్దు అని. సైన్యాధిపతిగా తన జీవితంలో అంత కష్టమైన నిర్ణయం ఇంకోటి లేదని తర్వాత రాసుకున్నాడు.

మూడేళ్ళ వెనక్కి వెళ్ళండి. 1951 జనవరిలో విన్ యెన్ దగ్గర ఇదే గియాప్ తొందరపడి మైదానంలోకి దిగి వేలమందిని పోగొట్టుకున్నాడు. 1952 డిసెంబర్ ప్రాంతంలో నా సాన్ అనే చోట మళ్ళీ అలాంటి ఫ్రెంచి స్థావరం మీదే తల బాదుకున్నాడు. అంటే దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచివాళ్ళు ఎదురుచూసిన గియాప్ ఎలాంటివాడో నవార్‌కి తెలుసు. పాత గియాప్ కోసం వల పన్నాడు. జనవరి 26 పొద్దున్న అక్కడ ఉన్నది ఆ మనిషి కాదు. నేననేది ఇదే.

లెక్కలమాస్టారు:

ఇది బాగుంది. కానీ నా సాన్ పేరు ఎత్తారు కాబట్టి మీ మీదికే తిప్పుతాను. నా సాన్‌లో గెలిచామన్న ధీమాతోనే ఫ్రెంచివాళ్ళు ఇక్కడా అదే చేశారు. నా సాన్‌లో చుట్టూ మెట్టలు వాళ్ళ చేతిలోనే ఉన్నాయి, ఎదుట పెద్ద ఫిరంగుల్లేవు. ఇక్కడ రెండూ తలకిందులు. పాత ప్రశ్నాపత్రానికి జవాబులు బట్టీ పట్టి కొత్త పరీక్షకి వెళ్ళినట్టు. కాబట్టి నవార్ ఓడిపోయాడనే వాదనకి కూడా బలం ఉంది.

ఎక్స్_ఫౌజీ:

గట్టు గారి పోస్టు రెండుసార్లు చదివాను. నాదొక చిన్న అనుభవం. ఒకసారి ఎక్సర్‌సైజ్‌లో, వాన, బురద, గన్ టోయింగ్ వెహికిల్ ఇరుక్కుపోయింది. పొజిషన్‌కి గన్‌ని చేతులతో లాగాం. నాలుగొందల గజాలు, మూడు గంటలు. తాడు అరచేతుల్లో చర్మం లేపేసింది. పైకి చేరి ఇంకా నీళ్ళు తాగలేదు, పొజిషన్ మారింది, కిందికి దించమన్నారు. మాలో ఒక తమిళ కుర్రాడు తాడు వదిలేసి బురదలో కూర్చుండిపోయాడు. తిట్టలేదు, ఏడవలేదు, అలా కూర్చున్నాడు. మా హవల్దార్ కూడా వాణ్ణి ఏమీ అనలేదు.

నాలుగొందల గజాలకే అలా ఉంది. వాళ్ళది ఏడు రాత్రులు, తలపైన విమానాలు. కారణం కూడా అందరికీ చెప్పి ఉండరు. ఆ గన్‌తో వెనక్కి దిగిన సైన్యం మార్చిలో మళ్ళీ ఎక్కింది. నేను ఓటు గియాప్‌కి వేస్తాను, కానీ ఆ తాడు పట్టుకున్నవాళ్ళ తరఫున వేస్తాను.

ఇంకొకటి, గియాప్‌ని మరీ దేవుణ్ణి చేయకండి. మార్చి 30 నుంచి తూర్పు గుట్టల మీద అలలు అలలుగా మనుషుల్ని పంపి చాలామందిని చంపించుకున్నాడు. ఏప్రిల్‌లో వాళ్ళ సైన్యంలోనూ ధైర్యం సడలింది, దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి పెద్ద రాజకీయ ప్రచారమే నడపాల్సి వచ్చింది. తర్వాతే కందకాలు తవ్వుకుంటూ అంగుళం అంగుళం దగ్గరికి రావడం. వాళ్ళ అధికారిక లెక్క చనిపోయినవాళ్ళు నాలుగు వేల చిల్లర, ఫ్రెంచి అంచనా దానికి రెట్టింపు.

కాఫీకప్పు:

సరే నేనో మెట్టు దిగుతాను. గోతిలో కూర్చున్నవాణ్ణి ఎవరైనా కొడతారన్నది తప్పు. జనవరిలో కొట్టి ఉంటే గోతిలోవాడే గెలిచేవాడేమో.

కానీ "ఇండోచైనాలో ఫ్రాన్స్ కథ దాంతో ముగిసినట్టే" అని మొదట్లో అన్నారే, ఆ మాట మీద నా పేచీ ఉంది. ఫ్రెంచి తరఫు మొత్తం సైన్యంలో ఆ స్థావరంలో ఉన్నది ఇరవయ్యో వంతు చుట్టుపక్కల. హనోయ్ చేతిలోనే ఉంది, సైగాన్ చేతిలోనే ఉంది. సైన్యం లెక్కన చూస్తే యుద్ధం ఆగాల్సిన పని లేదు. ఆగింది పారిస్‌లో.

గట్టుమీద_చెట్టు:

ఇక్కడ మీతో చాలావరకు ఏకీభవిస్తాను. పెద్ద దేశాలు కూర్చున్న జెనీవా సమావేశం ఏప్రిల్ 26న మొదలైంది. ఇండోచైనా విషయం బల్ల మీదికి వచ్చింది మే 8న. ముందురోజు సాయంత్రమే స్థావరం కూలింది. ఫ్రెంచి ప్రతినిధులు నల్ల బట్టలతో వచ్చి కూర్చోవాల్సి వచ్చిన పరిస్థితి. ఈ తేదీల కోసమే రెండు పక్షాలూ అంతగా కొట్టుకున్నాయి. జూన్‌లో ఫ్రెంచి ప్రధాని లానియెల్ ప్రభుత్వం పడిపోయింది. కొత్త ప్రధానిగా మెందెస్ ఫ్రాన్స్ వచ్చి జులై 20లోగా ఒప్పందం తేకపోతే రాజీనామా చేస్తానన్నాడు, తెచ్చాడు.

అమెరికా కూడా బాంబర్లు పంపాలా వద్దా అని ఊగిసలాడింది. బ్రిటన్ రానంది, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆగిపోయాడు. మన సంగతి కూడా చెప్పుకోవాలి. ఫ్రెంచి సైనికుల్ని ఎక్కించుకున్న అమెరికా గ్లోబ్‌మాస్టర్ విమానాలు మన మీదుగా ఎగరడానికి నెహ్రూ ఒప్పుకోలేదు. ఒప్పందం అమలు చూసే కమిషన్‌కి అధ్యక్షత మనదే, కెనడా, పోలండ్ సభ్యులు. అక్టోబర్‌లో నెహ్రూ హనోయ్ వెళ్ళాడు.

ఎర్రమందారం:

ఒప్పందం గొప్పగా చెప్తున్నారు గానీ గెలిచినవాడికి దక్కింది సగం దేశం. 17వ అక్షాంశం దగ్గర గీత. చైనా ప్రధాని చౌ ఎన్ లై ఒత్తిడి వల్లే ఒప్పుకోవాల్సి వచ్చింది. 1956లో జరుగుతాయన్న ఎన్నికలు జరగనే లేదు. ఫిరంగి ఇచ్చిన చెయ్యే గీత కూడా గీసింది. మాస్టారు సరుకు లెక్క ఇక్కడ మాత్రం కరెక్టు.

లెక్కలమాస్టారు:

మందారం గారు నాకు మార్కులు వేయడం ఇదే మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

యానాంవాణ్ణి:

పట్టుబడ్డవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. దాదాపు పదకొండు వేల మంది. గాయాలతో, విరేచనాలతో వందల కిలోమీటర్లు అడవుల్లో నడిపించారు. తిరిగొచ్చినట్టు లెక్క తేలింది 3,300 మంది చుట్టుపక్కల. మిగతావాళ్ళందరూ చనిపోయారని కాదు, ఫ్రెంచి పక్షాన పోరాడిన వియత్నాం వాళ్ళు ఏమయ్యారో సరైన లెక్క లేదు. ఎవరు గెలిచారని అడిగితే వాళ్ళని ఏ గడిలో వేయాలి?

ఎర్రమందారం:

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు అన్నా.

గట్టుమీద_చెట్టు:

నా దగ్గరా లేదు. నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఏ1 గుట్ట ఎక్కాను. ఫ్రెంచివాళ్ళు ఎలియాన్ 2 అని పేరు పెట్టుకున్నది. వాళ్ళ గుట్టలన్నిటికీ ఆడవాళ్ళ పేర్లే. మే 6 రాత్రి వియత్ మిన్ వాళ్ళు దాని కింద తవ్విన సొరంగంలో దాదాపు టన్ను మందుగుండు పేల్చారు. ఆ గొయ్యి ఇంకా ఉంది, చుట్టూ గడ్డి పెరిగింది. పక్కన ఒక ఫ్రెంచి ట్యాంకు. ముక్కలుగా విప్పి విమానాల్లో తెచ్చి అక్కడే బిగించిన పది ట్యాంకుల్లో ఒకటి. గుట్ట కిందే శ్మశానం. వరసలు వరసలుగా తెల్ల రాళ్ళు, చాలావాటి మీద పేరు లేదు. ఒక ముసలావిడ ప్రతి రాయి దగ్గరా ఒక్కో అగరొత్తి గుచ్చుకుంటూ పోతోంది. ఎవరి కోసమని అడగాలనిపించింది, భాష రాదు.

కాఫీకప్పు:

ఎలా వెళ్ళాలండీ అక్కడికి? డిసెంబర్‌లో హనోయ్ వెళ్ళే ఆలోచన ఉంది. ఫ్లైట్ ఉందంటున్నారు, గంటలో దింపుతుందట.

గట్టుమీద_చెట్టు:

ఉంది. అప్పటి ఎయిర్‌స్ట్రిప్ ఉన్నచోటే దిగుతుంది. కానీ వెళ్ళేటప్పుడు బస్సెక్కండి. రాత్రంతా పడుతుంది, నడుం పట్టేస్తుంది, త్వాన్ జావ్ అనే ఊరు దాటాక మలుపులకి కడుపులో తిప్పుతుంది. కిటికీ సీటు తీసుకోండి. తెల్లారాక ఆ ఎత్తులు చూసి, తాడు కట్టి రెండు టన్నులు లాగడం సంగతి ఫౌజీ గారికి ఫోటో పెట్టండి.